క్లచ్‌లో గాలి: బుడగను నొక్కాలా, ఉబ్బించాలా?

క్లచ్ పెడల్ పట్టు లేకుండా మెత్తగా దిగిపోతోందనీ, ఫస్టు గేరూ రివర్సూ కరకరమనకుండా పడటం లేదనీ చెబితే మెకానిక్ నోట వచ్చే మొదటి మాట ‘ఎయిర్ పట్టింది, బ్లీడింగ్ చెయ్యాలి’ అని. మన షెడ్లలో ఆ బ్లీడింగ్ ఇద్దరు చేసే పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ కొడుతుంటే ఇంకొకరు కారు కిందికి దూరి గాలి బయటికి వదిలే నిపుల్‌ను విప్పుతూ బిగిస్తూ ఉంటారు. ‘కొట్టు, పట్టుకో, వదులు’ అని కింది నుంచి కేకలు వినిపిస్తుంటాయి. ఈ మధ్య దీనికి పోటీగా పిస్తోలు ఆకారంలో ఉండే చేతి వాక్యూమ్ పంపు వచ్చింది. మీట నొక్కేకొద్దీ దాని మీది గేజీ ముల్లు కదులుతుంది, లోపల ఏం పోతోందో కనిపించే ప్లాస్టిక్ గొట్టంలోకి ఆయిల్ బుడగలతో సహా వచ్చి పడుతుంది. రెండో మనిషి అక్కర్లేదన్నదే దీని గొప్పగా అందరూ చెప్పుకుంటారు. అది చిన్న సౌకర్యం మాత్రమే. పెడల్ తొక్కే కాలు బుడగను నొక్కి చిన్నది చేస్తుంది. పంపు దాన్ని ఉబ్బించి పెద్దది చేస్తుంది. అసలు తేడా అది. ఇది అర్థమైతే పంపును ఎక్కడ తగిలించాలో కూడా తేలుతుంది. చాలామంది దాన్ని కింద స్లేవ్ సిలిండర్ నిపుల్‌కు తగిలిస్తారు. ఆ చోటుకు రెండో స్థానమే ఇవ్వాలనీ, పైన ఆయిల్ డబ్బా మూతి దగ్గర పెట్టినప్పుడే పంపు తన అసలు పని చేస్తుందనీ ఈ వ్యాసం వాదన.

ఇంజిన్ వెనక తిరిగే ఫ్లైవీలుకు క్లచ్ ప్లేటును అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు. దానికి బలమిచ్చేది డయాఫ్రమ్ స్ప్రింగు. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ వచ్చి ఆ స్ప్రింగు వేళ్ళను నెడుతుంది, ప్లేటు వదులవుతుంది, ఇంజిన్ తిరుగుతున్నా ఆ తిరుగుడు గేర్‌బాక్సుకు అందదు. మారుతి 800 లాంటి కార్లలో పెడల్ నుంచి అక్కడిదాకా ఒక కేబుల్ వెళ్తుంది. హైడ్రాలిక్ క్లచ్‌లో కేబుల్ చేసే పనిని ద్రవం చేస్తుంది. పెడల్ వెనక మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్సు దగ్గర స్లేవ్ సిలిండర్, రెంటికీ మధ్య సన్నటి గొట్టం, అన్నిటి నిండా మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచే ద్రవం. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన పీడనం అన్ని వైపులకూ తగ్గకుండా అందుతుందన్న పాస్కల్ నియమం బడిలో చదువుకున్నదే. బడి పుస్తకం ఎక్కువగా బలం గురించి చెబుతుంది. క్లచ్‌కు అంతకన్నా ముఖ్యం దూరం. 16 మి.మీ. వ్యాసం, 30 మి.మీ. నడక ఉన్న మాస్టర్ సిలిండర్‌ను ఉదాహరణగా తీసుకుంటే, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు అది సుమారు 6 సీసీ ద్రవాన్ని నెడుతుంది. స్లేవ్ వ్యాసం 20 మి.మీ. అయితే దాని పిస్టన్ సుమారు 19 మి.మీ. జరుగుతుంది. ప్లేటు పూర్తిగా విడిపోవడానికి లెక్కగట్టి పెట్టిన దూరం అది. అందులో పెద్దగా మిగులు ఉండదు.

ఇప్పుడు ఆ ద్రవంలో ఒక సీసీ గాలి చేరిందనుకుందాం. పెడల్ తొక్కగానే లోపలి పీడనం వాతావరణ పీడనానికి పాతిక రెట్లకు చేరిందనుకుంటే, బాయిల్ నియమం ప్రకారం ఆ బుడగ పాతికో వంతుకు, అంటే 0.04 సీసీకి కుంచించుకుపోతుంది. మాస్టర్ నెట్టిన 6 సీసీలో 0.96 సీసీ బుడగను నలపడానికే ఖర్చయింది. స్లేవ్ పిస్టన్ 19 బదులు 16 మి.మీ. మాత్రమే జరిగింది. పోయిన ఆ మూడు మిల్లీమీటర్లే గేరు కరకరకు కారణం: ప్లేటు పూర్తిగా విడిపోక కొంచెం రాసుకుంటూ తిరుగుతూనే ఉంటుంది, గేర్‌బాక్సులోని పళ్ళు ఆగవు. బ్రేక్ ఆయిల్ కూడా నలుగుతుంది కానీ అదే పీడనానికి దాని ఘనపరిమాణంలో తగ్గేది వెయ్యింట ఒకటి రెండు వంతులే. అంటే పెడల్‌లో మనకు తగిలే ఆ మెత్తదనం దాదాపు మొత్తంగా గాలిదే. రెండు మూడు సార్లు గబగబా కొడితే గేరు పడటం కూడా ఇందువల్లే. స్లేవ్ పూర్తిగా వెనక్కి వచ్చేలోపే మాస్టర్ డబ్బాలోంచి మరికాస్త ద్రవం తీసుకుని నెడుతుంది, పోయిన దూరం తాత్కాలికంగా పూడుతుంది. అలా కొట్టి కొట్టి నడిపే డ్రైవర్లు చాలామందే ఉన్నారు. గేర్‌బాక్సులో గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగుల ఖర్చు తర్వాత తెలుస్తుంది.

గాలి లోపలికి ఎలా వస్తుందన్నది పెద్ద చర్చ కాదు. సీలు అరిగి, గొట్టం విప్పి బిగించి, లేదా డబ్బాలో ఆయిల్ తగ్గి. చివరిదానిలో ఒక చిన్న విశేషం ఉంది. చాలా కార్లలో క్లచ్‌కు వేరే డబ్బా ఉండదు. బ్రేక్ ఆయిల్ డబ్బా పక్క నుంచే ఒక గొట్టం క్లచ్ మాస్టర్‌కు వెళ్తుంది. ఆ గొట్టం తీసే రంధ్రాన్ని కావాలనే డబ్బాలో ఎత్తున పెడతారు. క్లచ్ వైపు లీకై ఆయిల్ పోయినా ఆ రంధ్రం మట్టానికి వచ్చి ఆగిపోతుంది, బ్రేకులకు కావలసింది అడుగున మిగులుతుంది. భద్రత కోసం చేసిన ఆ ఏర్పాటు వల్ల, ఆయిల్ తగ్గినప్పుడు ముందుగా గాలి మింగేది క్లచ్చే. బ్రేకులు బాగానే ఉన్నాయి కదా అని క్లచ్ ప్లేట్లు మార్పించే ముందు డబ్బాలో మట్టం చూడటం మంచిది.

పెడల్ కొట్టి గాలి తీసే పాత పద్ధతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. లెక్క వేస్తే దాని బలం కనిపిస్తుంది. గొట్టం లోపలి వ్యాసం 3 మి.మీ. అయితే ఒక్క తొక్కుడు నెట్టే 6 సీసీ ద్రవం ఆ గొట్టంలో దాదాపు 85 సెం.మీ. పొడవు ఆక్రమిస్తుంది. అంటే నిపుల్ విప్పి ఉంచిన ఒక్క తొక్కుడులో గొట్టంలోని బుడగ అంత దూరం కొట్టుకుపోతుంది. రెండు మూడు తొక్కుళ్ళలో గొట్టం శుభ్రం. కష్టమంతా గొట్టం దాటి వెడల్పైన చోటికి వచ్చాక మొదలవుతుంది. 3 మి.మీ. గొట్టంలో వేగంగా వచ్చిన ద్రవం 20 మి.మీ. స్లేవ్ గదిలోకి రాగానే దాని వేగం నలభై నాలుగో వంతుకు పడిపోతుంది. అంత మందగమనానికి గది పైమూలలో, సీలు అంచు వెనక, నిపుల్ రంధ్రానికి కాస్త పైన ఒదిగి కూర్చున్న బుడగ కదలదు. పైగా తొక్కేటప్పుడు పీడనం పెరిగి ఆ బుడగ పాతికో వంతుకు కుంచించుకుని మూలలోకి ఇంకా లోతుగా ఒదుగుతుంది. నిపుల్ విప్పగానే ద్రవం దాని పక్క నుంచి పోతుంది. పెడల్ వదిలాక బుడగ మళ్ళీ పాత పరిమాణానికి వచ్చి అక్కడే ఉంటుంది. అరలీటరు ఆయిల్ పారబోసినా పెడల్ పైకి రాలేదని మెకానిక్ విసుక్కునే సందర్భాలు ఎక్కువగా ఇవే.

మూలలో ఒదిగిన గాలిని బయటికి రప్పించడానికి దాన్ని ఉబ్బించడం మేలన్న ఆలోచనకు 17వ శతాబ్దపు ప్రయోగాల్లో మూలం ఉంది. పాదరసం గొట్టంలో పైన ఏర్పడే ఖాళీని టోరిచెల్లి 1643లో చూపించాక, అందులో ఏముందన్న గొడవ యూరప్ అంతా నడిచింది. ఫ్రాన్సులో గణితజ్ఞుడు జిల్ రోబెర్వాల్ 1648 ప్రాంతంలో ఒక చేప కడుపులోని గాలితిత్తిని తీసి, గాలంతా పిండేసినట్టు చదునుగా చేసి, మూతి కట్టి ఆ ఖాళీలోకి పంపాడు. తిత్తి బుర్రున ఉబ్బింది. పిండగా కంటికి కనపడనంత మిగిలిన గాలి, బయటి నుంచి అదిమే పీడనం పోగానే అంత చోటు నింపేసింది. ఆ తర్వాత రాబర్ట్ బాయిల్ తన గాలి పంపు గదిలో గొర్రెపిల్ల మూత్రాశయంతో అలాంటి ప్రయోగమే చేశాడు. పీడనానికీ ఘనపరిమాణానికీ విలోమ సంబంధం ఉందని 1662లో అచ్చువేశాడు. రోబెర్వాల్ తిత్తిలో జరిగిందే క్లచ్ పైమూలలో బుడగకూ జరగాలి. అయితే ఒక షరతు ఉంది: బుడగ ఉన్న చోట పీడనం నిజంగా తగ్గాలి. నిపుల్‌కు పంపు తగిలించే పద్ధతి తడబడేది సరిగ్గా ఈ షరతు దగ్గరే.

నిపుల్ దగ్గర పని ఎలా జరుగుతుందో చూద్దాం. నిపుల్ మీది రబ్బరు టోపీ తీసి తుడిచి, ప్లాస్టిక్ గొట్టం బిగువుగా ఎక్కిస్తారు. గొట్టానికీ పంపుకూ మధ్య ఆయిల్ పట్టే చిన్న సీసా ఉంటుంది, లేకపోతే ఆయిల్ పంపులోకే పోయి దాని సీళ్ళు తింటుంది. మీట నొక్కి గేజీని 20 అంగుళాల పాదరసం దాకా తెచ్చి, స్పానర్‌తో నిపుల్‌ను పావు చుట్టు విప్పుతారు. ఆయిల్ సీసాలోకి దిగుతుంది, ముల్లు వెనక్కి వస్తుంది, సున్నాకు చేరేలోపే నిపుల్ బిగించాలి. ఇక్కడ ఆయిల్‌ను కదిలిస్తున్నది పైన డబ్బా మీద ఉన్న వాతావరణ పీడనం; పంపు చేస్తున్నది కింద అడ్డు తగ్గించడమే. కాబట్టి ఎంత గట్టిగా లాగినా ఆ తోపు ఒక వాతావరణ పీడనాన్ని మించదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, కొద్దిగా విప్పిన నిపుల్ సందు చాలా సన్నం. పీడనం పడిపోవడం చాలావరకు ఆ సందు దగ్గరే జరుగుతుంది. సందుకు అవతల పంపు వైపు 20 అంగుళాల శూన్యం ఉన్నా, సందుకు ఇవతల స్లేవ్ గదిలో పీడనం వాతావరణానికి దరిదాపుల్లోనే ఉంటుంది. బుడగ ఉబ్బవలసిన చోట ఉబ్బదు. కనుక ఈ పద్ధతి పాత ఆయిల్ తీసి కొత్తది నింపడానికి బాగా పనికొస్తుంది, గొట్టంలో గాలిని కూడా తెస్తుంది, మూలలో ఉన్నదాన్ని మాత్రం పెడల్ కన్నా గొప్పగా ఏమీ కదపదు.

దీనికి తోడు ఇది అబద్ధం కూడా చెబుతుంది. నిపుల్ బిగించి ఉన్నప్పుడు లీకు ఆపేది దాని కొసన ఉన్న శంకువు, మరలు కాదు. పావు చుట్టు విప్పగానే ఆ శంకువు తన చోటు వదులుతుంది, మరల సందుల్లోంచి బయటి గాలి పంపు వైపు దూసుకొస్తుంది. పెడల్ పద్ధతిలో లోపల పీడనం ఎక్కువ కాబట్టి అక్కడ ఆయిల్ బయటికి చెమరుస్తుంది. పంపు పద్ధతిలో గాలి లోపలికి వస్తుంది. ప్లాస్టిక్ గొట్టంలో ఆగకుండా పోయే సన్న బుడగల వరసను చూసి ఇంకా గాలి ఉందనుకుని డబ్బాల కొద్దీ ఆయిల్ లాగేవారున్నారు. మరలకు రబ్బరు గ్రీజు రాసినా, టెఫ్లాన్ టేపు చుట్టినా ఆ వరస చాలావరకు ఆగిపోతుంది. మిగిలిన కొన్ని బుడగలకు ఇంకో కారణం ఉంది. ద్రవంలో గాలి కొంత కరిగి ఉంటుంది, పైనున్న పీడనాన్ని బట్టి ఎంత కరగాలో నిర్ణయమవుతుందని విలియం హెన్రీ 1803లో తేల్చాడు. గోలీసోడా కొట్టగానే నురగ వచ్చినట్టే, పీడనం తగ్గగానే కరిగిన గాలి సన్న బుడగలై బయటపడుతుంది. అది క్లచ్‌ను మెత్తబరిచే గాలి కాదు. అందుకే గొట్టంలో బుడగలు ఆగడం, ఆగకపోవడం పని పూర్తయిందనడానికి సాక్ష్యంగా పనికిరావు.

ఇక పంపును పైకి మారుద్దాం. క్లచ్ డబ్బా మూత తీసి, దాని మూతికి సరిపోయే రబ్బరు బిరడా పెట్టి, బిరడా మధ్య రంధ్రం నుంచి పంపుకు గొట్టం కలుపుతారు. కింద నిపుల్ బిగించే ఉంటుంది. డబ్బాలో ఆయిల్ అంచు దాకా కాకుండా కొంచెం తగ్గించి పోస్తారు, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది. పెడల్ పూర్తిగా పైన ఉన్నప్పుడు మాస్టర్ సిలిండర్‌లో ఒక సన్న రంధ్రం డబ్బాకూ గొట్టానికీ దారి తెరిచి ఉంచుతుంది. ఇప్పుడు పంపుతో 25 అంగుళాల శూన్యం లాగితే ఎక్కడా ప్రవాహం లేదు, అడ్డే సందు లేదు. డబ్బా నుంచి స్లేవ్ మూల దాకా మొత్తం వ్యవస్థలో పీడనం పడిపోతుంది. విశాఖపట్నంలో వాతావరణ పీడనం ఇంచుమించు 30 అంగుళాల పాదరసం. 25 తీసేస్తే డబ్బాలో మిగిలింది 5. స్లేవ్ అర మీటరు కింద ఉంటే ఆ ఎత్తు ఆయిల్ బరువు మరో ఒకటిన్నర అంగుళం కలుపుతుంది. అంటే అక్కడి బుడగ మీద పీడనం 31.5 నుంచి 6.5కు తగ్గింది, బుడగ దాదాపు అయిదు రెట్లయింది. మూలలో ఇమిడే చోటు ఒక సీసీయే కాబట్టి మిగిలిన నాలుగు సీసీల గాలి పొర్లి గొట్టంలోకి పైకి వచ్చేస్తుంది, డబ్బాలో బుడగలై పగులుతుంది. దానికి ముందు నడిచే ఆయిల్‌కు డబ్బాలో చోటు కావాలి, అందుకే నిండా పోయకూడదన్నది. శూన్యాన్ని మెల్లగా వదిలితే వాతావరణ పీడనం ఆయిల్‌ను మళ్ళీ కిందికి నెట్టి ఆ ఖాళీని పూడుస్తుంది. మూలలో మిగిలింది అయిదో వంతు గాలి, అంటే 0.2 సీసీ. మూడు మిల్లీమీటర్లు పోతున్న స్లేవ్ నడకలో ఇప్పుడు పోయేది 0.6 మి.మీ. పెడల్‌లో ఆ తేడా కాలికి తెలుస్తుంది.

హైదరాబాద్ వారికి ఇక్కడ ఒక చిన్న లాభం ఉంది. ఆ ఊరు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది, వాతావరణ పీడనం 28 అంగుళాల దగ్గరే. అదే గేజీలో అదే 25 చూపిస్తే డబ్బాలో మిగిలేది 3 మాత్రమే, స్లేవ్ దగ్గర 4.5. బుడగ ఆరున్నర రెట్లు ఉబ్బుతుంది. గేజీ చూపించేది తీసేసిన పీడనాన్ని, బుడగకు లెక్క మిగిలిన పీడనం. ఇందులోంచే ఇంకో సంగతి కూడా తేలుతుంది: 25 దాకా ఒకసారి లాగి వదిలాక, మళ్ళీ అదే 25కు పదిసార్లు లాగినా మూలలోంచి కొత్తగా పొర్లే గాలి ఉండదు. మిగిలిన ఆ అయిదో వంతు ఉబ్బి సరిగ్గా తన మూల నిండుతుంది, అంతే. అక్కడి నుంచి దాన్ని కదపాలంటే శూన్యం ఉండగానే పెడల్‌ను చేత్తో రెండు మూడు అంగుళాలు మెల్లగా నొక్కి పూర్తిగా పైకి వదలడం, స్లేవ్ మీద స్పానర్ పిడితో తట్టడం లాంటివి సాయపడతాయి. బయట బిగించే రకం స్లేవ్ అయితే బోల్టులు విప్పి, నిపుల్ అన్నిటికన్నా పైకి వచ్చేలా వంచి పట్టుకోవడం వీటన్నిటికన్నా మేలు.

గాలి తేలికైనది కదా, ఊరికే వదిలేస్తే తనంతట తానే పైకి వచ్చేయదా అన్నది సహజమైన ప్రశ్న. వెడల్పు గొట్టంలో వస్తుంది. సన్న గొట్టంలో తలతన్యత అడ్డుపడుతుంది. గొట్టం నిండా పట్టిన పొడుగాటి బుడగ ఒక హద్దు కన్నా సన్నని నిలువు గొట్టంలో ఇరుక్కుని ఉండిపోతుందని ఎఫ్. పి. బ్రెథర్టన్ 1961లో గణితంతో చూపించాడు. నీటికి ఆ హద్దు సుమారు 5 మి.మీ. తలతన్యత నీటిలో సగం లోపు ఉండే బ్రేక్ ఆయిల్‌కు అది మూడు మిల్లీమీటర్ల చిల్లర. క్లచ్ స్టీలు గొట్టాల లోపలి వెడల్పు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. కాబట్టి రాత్రంతా మూత తీసి పెడితే తెల్లారేసరికి గాలి పోతుందన్న నమ్మకం పెద్దగా ఫలించదు. మధ్యలో గొట్టం ఎత్తుకు ఎక్కి కిందికి దిగే వంపు ఉంటే అసలే ఫలించదు. ఉబ్బిన బుడగ సంగతి వేరు. అది తేలి రాదు, తన ముందున్న ఆయిల్‌ను నెట్టుకుంటూ వస్తుంది. నాలుగు సీసీల ఉబ్బు 3 మి.మీ. గొట్టంలో అర మీటరుకు పైగా నడక. పెడల్‌ను కర్రతో అదిమి రాత్రంతా ఉంచే ఇంకో అలవాటుంది. పీడనానికి గాలి కొంత ద్రవంలో కరిగి పొద్దున పెడల్ గట్టిగా తోస్తుంది. ఆ గాలి ఎక్కడికీ పోలేదు.

ఈ పద్ధతి మీద అభ్యంతరాలు లేకపోలేదు. అంత శూన్యంలో బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి కాదా అంటారు. గ్లైకాల్ ద్రవాల బాష్ప పీడనం అతి తక్కువ, వాటి సంగతి వదిలేయవచ్చు. భయపడాల్సింది అది పీల్చుకున్న నీటి గురించి. 40 డిగ్రీల ఎండలో శుద్ధమైన నీటి బాష్ప పీడనమే 55 మి.మీ. పాదరసం, మన డబ్బాలో విశాఖలో 125 దాకా, హైదరాబాద్‌లో 75 దాకా మిగిలే ఉంటుంది. కనుక మరగదు. ఇప్పుడే దూరం నడిచి వచ్చిన కారు గేర్‌బాక్సు వేడి మీద ఈ లెక్క తప్పుతుంది, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది. స్లేవ్‌లోని కప్పు సీలు అంచు లోపలి పీడనానికి విచ్చుకుని గోడకు ఒత్తుకునేలా చేసినది. లోపల శూన్యం ఉంటే ఆ అంచు వదులై బయటి గాలిని లోపలికి రానివ్వవచ్చు. నిజమే. శూన్యం లాగి అయిదు నిమిషాలు వదిలితే ముల్లు నిలబడుతుందో జారుతుందో చూడాలి. జారిందంటే ఈ పద్ధతి ఆ కారుకు పనికిరాదు. అంతమాత్రాన సీలు చెడిందని తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే శూన్యానికి వదిలే సీలు పీడనానికి చక్కగా నిలబడవచ్చు.

మూడో అభ్యంతరం దగ్గర నేను వెనక్కి తగ్గుతాను. క్లచ్‌కూ బ్రేకుకూ డబ్బా ఒక్కటే అయిన కార్లలో పైన శూన్యం పెడితే అది బ్రేకుల దాకా పోతుంది. వెనక డ్రమ్ బ్రేకులున్న కారయితే చక్రాల దగ్గరి సిలిండర్లలో కూడా ఇలాంటి కప్పు సీళ్ళే ఉంటాయి, వాటి పక్క నుంచి గాలి దూరితే క్లచ్ బాగుచేయబోయి బ్రేకు పాడుచేసుకున్నట్టవుతుంది. అలాంటి కార్లకు డబ్బా మీదుగా గాలి ఒత్తిడి పెట్టి నెట్టే ప్రెషర్ బ్లీడర్‌ను, లేదా నిపుల్ దగ్గర పంపును, లేదా ఇద్దరు మనుషుల పాత పద్ధతిని ఎంచుకోవడం మేలు. ప్రెషర్ బ్లీడర్‌లో మరల సందుల్లోంచి గాలి రాదు, ప్రవాహం ఆగకుండా ఉంటుంది. ఆయిల్ మార్పిడికి అది నిపుల్ దగ్గరి వాక్యూమ్ కన్నా మంచిదని ఒప్పుకోవాలి. ప్రతి కారు డబ్బాకూ సరిపోయే మూతలు దొరకడమే దాని ఇబ్బంది. క్లచ్‌కు విడి డబ్బా ఉండి, స్లేవ్ గేర్‌బాక్సు లోపల షాఫ్టు చుట్టూ కూర్చునే రకమైతే, దాన్ని వంచడానికీ తట్టడానికీ వీలుండదు. అక్కడే డబ్బా మీది వాక్యూమ్‌కు సాటి వచ్చే పద్ధతి నాకు కనిపించడం లేదు.

ఏ పద్ధతి అయినా పోసే ఆయిల్ సరైనది కాకపోతే శ్రమ వృథా. డాట్ 3, డాట్ 4 రకాలు రెండూ గాల్లో తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరితే ఆ కనీసం 155కు పడిపోతుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతపు తేమలో సగం వాడి షెల్ఫులో పెట్టిన డబ్బాను ఆరునెలల తర్వాత తీసి పోయడం నీళ్ళు కలిపి పోయడమే. మూత మీద ఏ రకమని రాసి ఉంటే అదే, సీలు విప్పని చిన్న డబ్బా కొని వాడాలి. ఇంజిన్ ఆయిల్ గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ పొరపాటున ఒక చెంచా పడినా లోపలి ఇ.పి.డి.ఎం. రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి. బాడీ మీద చుక్క పడితే పెయింటు లేస్తుంది, వెంటనే నీళ్ళతో కడిగేయాలి. తీసిన పాత ఆయిల్‌ను మురుగు కాలవలో పోయకుండా సీసాలో మూత పెట్టి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇవ్వాలి.

పని అయ్యాక ప్లాస్టిక్ గొట్టాన్ని కాకుండా రివర్సు గేరును అడగండి. చాలా కార్లలో రివర్సుకు సింక్రో ఉండదు, అందుకని క్లచ్ ఏమాత్రం రాసుకుంటున్నా దాచలేదు. బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్ పూర్తిగా తొక్కి, అయిదారు సెకన్లు ఆగి రివర్సు వేయండి. చప్పుడు లేకుండా పడితే గాలి పోయినట్టే. కరకరమంటే ఇంకా ఉంది. చప్పుడు లేకుండా పడి, వారం పది రోజుల్లో పెడల్ మళ్ళీ జారిపోతే అది బ్లీడింగ్ లోపం కాదు. మాస్టర్‌లోనో స్లేవ్‌లోనో సీలు పోయింది. బయటి స్లేవ్ అయితే కిట్టు ఖర్చుతో తేలుతుంది, గేర్‌బాక్సు లోపలి రకమైతే గేర్‌బాక్సు దించాల్సిందే. దించిన రోజునే క్లచ్ ప్లేటూ బేరింగూ కూడా చూపించుకోండి, రెండోసారి దించే కూలీ మిగులుతుంది.